రిజర్వాయర్ గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, నీళ్ళు ఎలా మిగుల్చుకోవాలి: మొదటి నుంచి చివరి దాకా

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ పడిందంటే చాలు, మా విశాఖ చుట్టుపక్కల కట్టల మీద డ్యూటీలో ఉన్నవాళ్ళకి రెండు రకాల ఫోన్లు మొదలైపోతాయి. శారద నది ఒడ్డున పొలం ఉన్నాయన "గేట్లు ఎప్పుడెత్తుతారండీ, వరి పొట్ట మీదుంది" అంటాడు, సిటీలో కుళాయిల సంగతి చూసేవాళ్ళు "నీళ్ళు వదిలేయకండి, ఏప్రిల్ మే నెలల్లో ఏం చేస్తాం" అంటారు. ఇద్దరూ అడిగేది న్యాయమే. ఇద్దరికీ న్యాయం చెయ్యొచ్చు కూడా, కాకపోతే ఆ పని వాన మొదలయ్యాక చేసేది కాదు, అంతకు చాలా ముందు నుంచి చేసుకురావాలి. ఎన్నో వానాకాలాలు ఈ కట్టల మీద గడిపినవాడిగా నాకు తెలిసింది వరసగా రాస్తున్నా, కొత్తగా చేరిన ఏఈలకి (అసిస్టెంట్ ఇంజనీర్లకి), నీటి సంఘాల వాళ్ళకి, నది కింద ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుంది.

ముందుగా ఒక మాట బుర్రలో పెట్టుకోండి. రిజర్వాయర్‌లో మనం దాచేది నీళ్ళొక్కటే కాదు, ఖాళీని కూడా దాస్తాం. ఏ తేదీకి ఎంత నీరుండాలి అని లెక్కేసుకున్నట్టే ఏ తేదీకి ఎంత ఖాళీ ఉండాలి అని కూడా లెక్కేసుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క ఎలా వెయ్యాలన్నదే.

మొదట మీ రిజర్వాయర్ ఏంటో తెలుసుకోండి

ప్రతి రిజర్వాయర్‌కీ కొన్ని గీతలుంటాయి. అన్నిటికన్నా కింద ఎండీడీఎల్, అంటే నీరు వాడుకోగల కనీస మట్టం, దానికి దిగువన నీరున్నా మదుములోంచి (కాలువకి నీరొదిలే తూములోంచి) సరిగ్గా రాదు. పైన ఎఫ్‌ఆర్‌ఎల్, అంటే నిండుమట్టం. మా చుట్టుపక్కల రిజర్వాయర్లే చూడండి, మేఘాద్రిగెడ్డకి 61 అడుగులు, తాటిపూడికి 297 అడుగులు, తాండవకి 380 అడుగులు, రైవాడకి 114 మీటర్లు. ఒకచోట అడుగులు ఇంకోచోట మీటర్లు ఉంటాయి కాబట్టి ఫోన్లో లెవెల్ చెప్పేటప్పుడు అడుగులా మీటర్లా అన్నది నోటితో అనండి, రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఒకళ్ళు చెప్పి ఇంకొకళ్ళు రాసుకునేటప్పుడు తప్పు దొర్లేది ఇక్కడే. ఎఫ్‌ఆర్‌ఎల్ పైన గరిష్ఠ మట్టం ఉంటుంది, ఆ పైన కట్ట శిఖరం దాకా కొంత జాగా అలలకోసం వదిలేస్తారు. ఆ జాగాని నిల్వ కోసం వాడుకుందాం అన్న ఆలోచన ఎవరికీ రాకూడదు, మన దగ్గర చాలావరకు మట్టి కట్టలు, మట్టి కట్ట మీదుగా నీరు పొర్లిందంటే కట్ట నిలబడదు.

తర్వాత లెవెల్‌కి ఎంత నీరు అన్న టేబుల్ తీసుకోండి. రిజర్వాయర్ మూకుడు లాంటిది, అడుగున ఒక అడుగుకి పట్టే నీరు కొంచెం, పైన ఒక అడుగుకి పట్టేది చాలా ఎక్కువ. అందుకే పై రెండడుగులు ఖాళీ ఉంచడం అంటే చూడ్డానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ వరదకి అదే పెద్ద జాగా, సాగుకీ అదే పెద్ద నష్టం. ఆ టేబుల్ ఎప్పటిదో చూడండి. కట్టినప్పటి టేబుల్ పట్టుకుని లెక్కలేస్తే పూడిక సంగతి మర్చిపోయినట్టే. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) అనుకున్నది ఇప్పుడు లెక్కలో 215 దగ్గరికొచ్చింది. పూడిక మన దగ్గర రాదా, కొండల మీంచి ప్రతి గెడ్డా, అంటే వాగూ, ఎర్రగా దిగుతుంది కదా.

యూనిట్లు కూడా ఇక్కడే చెప్పేస్తా. సెకనుకి ఒక ఘనపుటడుగు పారితే ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఒక టీఎంసీకి పదివేల ఎకరాల వరి అని మనవాళ్ళు నోటి లెక్క వేస్తారు, పదివేల ఎకరాల మీద పరిస్తే సుమారు 70 సెంటీమీటర్ల లోతు వస్తుంది కాబట్టి అది పెద్ద తప్పు లెక్కేం కాదు.

మే నెలలో గేట్ల పని

ఎన్ని లెక్కలేసినా గేటు లేవకపోతే అంతా వృథా. ఒకసారి ఒక రిజర్వాయర్ మీద (పేరొద్దు) ప్రీ-మాన్సూన్ చెకింగ్ అయిపోయిందని రిజిస్టర్‌లో రాసుంది, పైకెక్కి చూస్తే వైర్ రోప్ మీద గ్రీజు మట్టితో కలిసి రాయిలా గట్టిపడిపోయి ఉంది, మోటార్ పెట్టెలో కందిరీగలు గూడు కట్టాయి, జనరేటర్‌లో డీజిల్ చుక్క లేదు. అక్కడి లస్కర్, అంటే గేట్లు చూసుకునే మనిషి, చేత్తో హ్యాండిల్ తిప్పుతూ "బాబూ, ఇలగ తిప్పితే అరగంటకి జానెడు లెగుస్తాది" అన్నాడు. ఆ జానెడు మాట నాకింకా గుర్తే.

కాబట్టి రిజిస్టర్ కాదు చూడాల్సింది. మే నెలలో, నీరు గేటు కింద ఉన్నప్పుడు, ప్రతి గేటునీ పూర్తిగా ఎత్తి పూర్తిగా దించండి. ఒకసారి కరెంటు మీద, ఒకసారి జనరేటర్ మీద, ఒకసారి చేత్తో. ఎంతసేపు పట్టిందో మూడు అంకెలూ గోడ మీద పెయింట్‌తో రాయించండి. రబ్బరు సీళ్ళు చూడండి, లీకేజీ అంటే చిన్నది కాదు, ఏడాది పొడవునా రాత్రీ పగలూ పోయే నీరు అది. చైన్ గానీ రోప్ గానీ ఎప్పుడు మార్చారో తెలియకపోతే తెలియదు అనే రాసి పైకి పంపండి.

స్టాప్‌లాగ్ గేట్లు (అసలు గేటు చెడితే నీరు ఆపడానికి గాడిలో దించే అడ్డు పలకలు) ఉన్నాయా, అవి గాడిలో దిగుతాయా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయింది. డ్యామ్ నిండుగా ఉంది, ఆ ఒక్క గేటు దగ్గర ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లన్నీ ఎత్తి నీళ్ళు వదలాల్సొచ్చింది, వారం తిరిగేసరికి గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో పారుతున్న నీళ్ళలోనే స్టాప్‌లాగ్ దించి ఆపారు. ఆ వారంలో పోయినవి ఎక్కడో కర్ణాటకలో, రాయలసీమలో రైతుల నీళ్ళు. 2021 నవంబర్ 19న అన్నమయ్య డ్యామ్ మట్టి కట్ట కొట్టుకుపోయినప్పుడు చెయ్యేరు ఒడ్డు ఊళ్ళలో ప్రాణాలు పోయాయి, అక్కడ ఒక గేటు పనిచేయడం లేదన్నది అందరికీ తెలిసిన సంగతే. గేటు బాగుంటేనే వరద ఆగుతుంది, గేటు బాగుంటేనే నీరు మిగులుతుంది.

కిందికి నడిచి చూడండి

చాలామంది రిజర్వాయర్‌నే చూస్తారు, కింద నదిని చూడరు. జూన్ రాకముందే గేట్ల దగ్గర్నుంచి సముద్రం దాకా ఒకసారి తిరగండి, బైక్ మీద రెండు రోజుల పని. ఎక్కడ గట్టు కోసుకుపోయింది, ఎక్కడ కాజ్‌వే (నది మీద తక్కువ ఎత్తు దారి) ఉంది, ఎక్కడ ఇసుక ట్రాక్టర్లు దిగుతున్నాయి, గొర్రెల మంద రాత్రి ఎక్కడ పండుకుంటుంది. ఇవన్నీ చూశాక ఒక అంకె తేల్చుకోవాలి: ఎన్ని క్యూసెక్కుల దాకా వదిలితే నది తన గట్టు దాటదు. ఈ అంకె అన్నిటికంటే ముఖ్యం, దీన్ని సేఫ్ డిశ్చార్జ్ అంటారు. డిజైన్ కాగితాల్లో ఉన్న అంకె కాదు, ఈ ఏడాది ఆక్రమణలతో, పూడికతో, తుప్పలతో ఉన్న నదికి సరిపోయే అంకె. ఊళ్ళో ముసలాళ్ళని అడగండి, ఏ ఏడాది నీరు ఏ గుడి మెట్టు దాకా వచ్చిందో వాళ్ళు చెప్తారు, ఆ రోజు ఎంత వదిలారో మీ రిజిస్టర్ చెప్తుంది, రెండూ పక్కపక్కన పెడితే అంకె దొరుకుతుంది.

ఒకటికి రెండు గెడ్డలు కలిసేచోట ఇంకా జాగ్రత్త. శారదనే తీసుకోండి. రైవాడ శారద మీదే ఉంది, కోనాం బొడ్డేరు మీద, పెద్దేరు రిజర్వాయర్ పెద్దేరు మీద. ఎవరి గేట్లు వాళ్ళు ఎవరి లెక్క ప్రకారం వాళ్ళు ఎత్తితే మూడు నీళ్ళూ ఒకే గంటకి అనకాపల్లి జిల్లా దిగువ ఊళ్ళ మీద పడొచ్చు. ఒక్కో రిజర్వాయర్ నుంచి కలిసే చోటుకి నీరు చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో రాసిపెట్టుకుని, ముగ్గురూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండి, ఒకరు ముందు ఒకరు తర్వాత వదలాలి.

సముద్రాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మేఘాద్రిగెడ్డ నీరు ఎయిర్‌పోర్ట్ పక్కనుంచి హార్బర్ వైపు పోతుంది, గోస్తనీ భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, పోటు మీదున్నప్పుడు నీరు బయటికి పోదు, వెనక్కి తంతుంది. తుపాను ఉంటే సముద్రం ఇంకా పైకి ఉబికి ఉంటుంది. మన దగ్గర ఆటూ పోటూ రోజుకి రెండేసి సార్లు, కాబట్టి టైడ్ టేబుల్ గోడకి అంటించుకుని, వదిలిన నీరు ఆటు టైముకి, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ముఖద్వారం చేరేలా గంటలు వెనక్కి లెక్కేసుకుని గేటు ఎత్తండి. ఇది ఖర్చు లేని పని, అయినా చాలామంది చెయ్యరు.

తేదీకో మట్టం

దీన్నే రూల్ కర్వ్ అంటారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా.

ఉత్తరాంధ్రలో వాన రెండు దఫాలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్‌లో తుపాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న మన నెత్తి మీదే దిగింది, గులాబ్ 2021 సెప్టెంబర్ ఆఖర్లో కళింగపట్నం దగ్గర తీరం దాటినా విశాఖని ముంచెత్తింది. అంటే నైరుతి అయిపోయి రిజర్వాయర్ నిండే టైముకే పెద్ద వరద ముప్పు కూడా వస్తుంది. జూలైలోనే నిండా పట్టేస్తే అక్టోబర్‌కి ఖాళీ ఉండదు, అక్టోబర్ దాకా పట్టకుండా కూర్చుంటే, ఆ ఏడాది తుపాను రాకపోతే, రబీ పోతుంది, వేసవిలో సిటీకి ట్యాంకర్లే గతి.

అందుకని మెట్లు మెట్లుగా వెళ్ళాలి. నా వరకు ఒక మామూలు రిజర్వాయర్‌కి జూలై ఆఖరుకి మూడింట రెండొంతులు, ఆగస్టు ఆఖరుకి నూటికి ఎనభై, సెప్టెంబర్ మధ్యనుంచి అక్టోబర్ ఆఖరు దాకా ఎనభై ఐదు తొంభై మధ్యలో పట్టి ఉంచి, నవంబర్ రెండో వారం నుంచి మెల్లగా నిండుమట్టానికి తేవడం బాగుంటుంది. ఇది ఉదాహరణ మాత్రమే, మీ దగ్గర ముప్ఫై ఏళ్ళ ఇన్‌ఫ్లో (రిజర్వాయర్‌లోకి వచ్చే నీరు) రిజిస్టర్లు తీసి ఏ వారంలో ఎంత వచ్చిందో గీసుకుంటే మీ గీత మీకే వస్తుంది. క్యాచ్‌మెంట్, అంటే వాన నీరు రిజర్వాయర్‌లోకి పారే నేలంతా, పెద్దదై రిజర్వాయర్ చిన్నదైతే ఎక్కువ ఖాళీ పెట్టుకున్నా పర్లేదు, ఒక్క మంచి వానకే నిండిపోతుంది. క్యాచ్‌మెంట్ చిన్నదైతే ఖాళీ తక్కువ పెట్టుకోవాలి, పోయిన నీరు తిరిగి రాదు.

ఎండగా ఉన్న ఏడాది అసలు పరీక్ష. ఆగస్టంతా చినుకు లేకపోతే ఎవరికైనా దొరికిన ప్రతి చుక్కా పట్టేయాలనిపిస్తుంది, తప్పు పట్టలేం. కానీ 2009 గుర్తు చేసుకోండి, అప్పటిదాకా కరువు కరువు అన్న ఏడాదిలోనే అక్టోబర్ 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 885 అడుగులు నిండుమట్టం ఉన్నచోట 896 దాకా ఎక్కింది, కర్నూలు మునిగింది. ఎండగా గడిచిన మూడు నెలలు నాలుగో నెల గురించి ఏమీ చెప్పవు.

కాలువలకి నీరిచ్చే తేదీలు కూడా ఈ గీతతో కలిపే పెట్టుకోండి. ఉభాలకి, అంటే వరి నాట్లకి, నీరు పది రోజులు ముందిస్తే రైతుకి పంట ముందొస్తుంది, రిజర్వాయర్‌లో ఖాళీ ఏర్పడుతుంది, పైగా తుపాను టైముకి వరి కోతకి దగ్గరపడుతుంది. ఇలా ఇచ్చిన నీరు వృథా కాదు, ఆయకట్టు కింద చెరువుల్లోకి చేరుతుంది. అందుకే వదలాల్సొచ్చిన ప్రతిసారీ ముందు కాలువ, తర్వాత చెరువు, ఆ తర్వాతే నది.

వాన కబురొచ్చాక లెక్క

వాతావరణ కేంద్రం ఆరెంజ్ అన్నా రెడ్ అన్నా దాన్ని నీళ్ళలోకి మార్చుకోవాలి. ఒక లెక్క చేసి చూపిస్తా, రెండు టీఎంసీల రిజర్వాయర్, 400 చదరపు కిలోమీటర్ల క్యాచ్‌మెంట్ అనుకోండి. 150 మిల్లీమీటర్ల వాన చెప్పారు. పడేది మొత్తం 6 కోట్ల ఘనపు మీటర్లు. నేల అప్పటికే తడిసి ముద్దగా ఉంటే నూటికి అరవై పారి వస్తుంది అనుకుందాం, 3.6 కోట్లు, అంటే సుమారు 1.27 టీఎంసీ. అదే నేల ఎండగా ఉండి నూటికి పాతికే పారితే అర టీఎంసీ చిల్లర. వాన ఒకటే, వచ్చే నీళ్ళలో రెట్టింపుకి పైగా తేడా. అందుకే గత పది రోజుల్లో ఎంత పడిందో చూడకుండా ఎప్పుడూ నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు రిజర్వాయర్‌లో 0.3 టీఎంసీ ఖాళీ ఉంది, కింద నది తట్టుకునేది 8,000 క్యూసెక్కులు. ముందేమీ వదలకుండా కూర్చున్నారనుకోండి. వరద వచ్చిన 24 గంటలూ 8,000 వదిలినా 0.69 టీఎంసీ పోతుంది, 0.3 లోపల పడుతుంది, ఇంకా 0.28 మిగిలిపోయింది. అది ఎక్కడికి పోతుంది? వరద ఉధృతంగా ఉన్న ఆరు గంటల్లో వదిలెయ్యాలి, అంటే ఇంకో 13,000 క్యూసెక్కులు, మొత్తం 21,000. అర్ధరాత్రి, వానలో, ఊరి మీదికి.

అదే వాన పడకముందు 36 గంటల పాటు 3,100 క్యూసెక్కులు వదిలితే 0.4 టీఎంసీ ఖాళీ అదనంగా వస్తుంది, మొత్తం 0.7. అప్పుడు వరద మొత్తం 8,000 దాటకుండా సరిపోతుంది. ఇంకా చిత్రం ఏంటంటే వరద దాటాక రిజర్వాయర్ నిండడానికి 0.12 టీఎంసీ మాత్రమే తక్కువ పడుతుంది, తర్వాత రెండు మూడు రోజులు కొండల్లోంచి ఊటలా దిగే నీటితో అది కూడా నిండుతుంది. ఊరూ మునగలేదు, నీరూ పోలేదు.

మరి వాన రాకపోతే? 0.4 టీఎంసీ పోయినట్టే, నాలుగు వేల ఎకరాల నీళ్ళు. ఈ భయం నిజమైనదే, దీన్ని తీసిపారేయకండి. నేను చేసేది ఏంటంటే మూడు ముక్కలుగా వదలడం. కబురు రాగానే కాలువలు ఫుల్లుగా తెరిచి చెరువులు నింపడం, ఇందులో పోయేదేం లేదు. రెండు రోజుల ముందు, రూట్ మన వైపే ఉందని తేలాక సగం. ఒక రోజు ముందు, రాడార్‌లో మేఘాలు కనిపిస్తుంటే మిగతా సగం. తేదీ కూడా చూసుకోవాలి, సెప్టెంబర్‌లో పోయిన నీరు మళ్ళీ వచ్చే ఆశ ఉంటుంది, నవంబర్ ఆఖర్లో అది దాదాపు ఉండదు, అందుకే నవంబర్‌లో కబురు గట్టిగా ఉంటేనే వదులుతా.

ఇంకోటి, మట్టి కట్ట ఉన్నచోట నీటిమట్టం ఒక్కసారిగా దించేయకూడదు. కట్ట లోపలి వైపు తడిసిన మట్టికి నీటి ఆసరా పోయి జారుతుంది. రోజుకి ఎంత దించొచ్చో డిజైన్ వాళ్ళని ముందే అడిగి రాసిపెట్టుకోండి.

గేటు ఎత్తే రోజు

ముందు మనుషులు, తర్వాత గేటు. సైరన్, దండోరా, పంచాయతీ మైకు, వాట్సాప్ అన్నీ వాడండి, ఒక్క వాట్సాప్‌ని నమ్ముకోవద్దు. ఒకసారి సైరన్ వెయ్యబోతే మోగలేదు, వానకి తడవకుండా ఎవరో మంచిమనసుతో యూరియా సంచి కట్టేశారు, లోపల చెమ్మ చేరి తుప్పు పట్టేసింది. ఆ సాయంత్రం మేం ఇద్దరం బైక్ మీద నది ఒడ్డు వెంట అరుచుకుంటూ వెళ్ళాం, ఒక తల్లీ కూతురూ బట్టలుతుక్కుంటూ కనపడ్డారు. అప్పటినుంచీ సైరన్ వారానికోసారి మోగించి చూడకుండా ఉండను.

ఎంత వదులుతున్నారో చెప్పేటప్పుడు క్యూసెక్కుల్లో చెప్తే ఊళ్ళో అర్థం కాదు. "కాజ్‌వే మీద మోకాలి దాకా వస్తుంది, రాత్రి తొమ్మిదికి" అని చెప్పండి.

మొదట కొంచెమే ఎత్తండి, ఐదారు వందల క్యూసెక్కులు, అరగంట ఆగండి. నదిలో ఎవరైనా ఉంటే నీరు పెరగడం చూసి బయటికొస్తారు. తర్వాత మెట్లుగా పెంచండి. మధ్య గేటు ముందు, తర్వాత రెండు పక్కలా సమానంగా, ఒక పక్కే ఎత్తితే కింద గట్టు కోసేస్తుంది. వీలైనంత వరకు పగలే మొదలుపెట్టండి.

వరద నడుస్తున్నప్పుడు గంటగంటకీ లెవెల్ చూడాలి. మా పాత లస్కర్ ఒకాయన దగ్గర నేర్చుకున్నా ఇది. రాత్రి టార్చి పట్టుకుని మెట్ల మీద కూర్చుని స్కేల్ మీద అల పైకి ఎక్కినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఒక అంకె, అలా మూడుసార్లు చూసి మధ్యది చెప్పేవాడు. గాలికి అల అర అడుగు లేస్తుంటే ఒక్కసారి చూసి చెప్పిన అంకెతో ఇన్‌ఫ్లో కడితే వేల క్యూసెక్కుల తప్పొస్తుంది. ఇన్‌ఫ్లో కట్టడం తేలికే, గంటలో పెరిగిన నిల్వకి అదే గంటలో వదిలింది కలపడమే.

ఆ లెక్క చేతిలో ఉంటే కంగారుండదు. వచ్చే దానికన్నా, అంటే ఉధృతంగా వచ్చిన ఆ గంట ఇన్‌ఫ్లో కన్నా, ఎక్కువ ఎప్పుడూ వదలకూడదు. అలా వదిలితే రిజర్వాయర్ లేకపోతే వచ్చే వరద కంటే పెద్ద వరదని మనం తయారుచేసినట్టు అవుతుంది. మట్టం పెరుగుతున్నా ఇన్‌ఫ్లో తగ్గడం మొదలైందా లేదా అన్నది చూడండి, తగ్గుతూ ఉంటే, గరిష్ఠ మట్టం దూరంగా ఉంటే, గేట్లు ఇంకా ఎత్తాల్సిన పనిలేదు.

గేటు దించడం

నీరు మిగిలేది ఇక్కడ. వాన ఆగిందని చాలాచోట్ల అలాగే వదిలేసి నిద్రపోతారు, మూడు రాత్రులు మేలుకున్నారు కదా, అర్థం చేసుకోగలను, కానీ 8,000 క్యూసెక్కులు ఇంకో పూట పారితే మూడోవంతు టీఎంసీకి పైగా సముద్రంలోకి పోతుంది. కాబట్టి ఈ పనికి నిద్రపోయి లేచిన ఇంకో టీమ్ ఉండాలి, షిఫ్టు ముందే వేసుకోండి. ఇన్‌ఫ్లో తగ్గుతున్న కొద్దీ గేట్లు కూడా మెట్లుగా దించండి, ఒక్కసారి దించేస్తే కింద నది గట్లు, తడిసి ఉన్నాయి కదా, జారిపడతాయి. ఆ తేదీకి గీతలో ఉన్న మట్టం దగ్గర ఆపండి, ఇంకో అల్పపీడనం కబురు లేకపోతే కొంచెం పైకి పట్టినా పర్లేదు.

అన్నీ ఆగాక అదే రోజు రిజిస్టర్ రాయండి. వాన ఎంత చెప్పారు, ఎంత పడింది, ఎంత వచ్చింది, ఎన్ని గంటలకి ఏ ఊరు దగ్గర నీరు ఎక్కడి దాకా ఎక్కింది. కాజ్‌వే గోడ మీద బురద చార ఉంటుంది, రెండు రోజుల్లో చెరిగిపోతుంది, ఈలోపే టేపు పెట్టి కొలిచి అక్కడే పెయింట్‌తో తేదీ వేసి రండి.